ఒంటిపూట బడి తర్వాత ఫోను అడిగే పిల్లలకు ఆటలు వెతకడం ఎలా?

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే, కడపలో చిన్నపిల్లలున్న ఇళ్లన్నిటికీ ఒకటే చిక్కు. పన్నెండున్నరకు బడి వదులుతారు, ఒంటిగంటకల్లా అన్నం తినడం అయిపోతుంది, అక్కడి నుంచి సాయంత్రం ఐదింటి వరకు గడప దాటలేనంత ఎండ ఉంటుంది. ఆ నాలుగు గంటల ఖాళీలోకి ఫోను పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు ఐదో తరగతి చదువుతున్న మా అబ్బాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంట్లో జరిగింది ఇదే. మొదట నేను ఫోనును బీరువాలో పెట్టి తాళం వేశాను. తర్వాత చిన్నప్పుడు నేను ఆడిన ఆటలన్నీ గుర్తు చేసుకుని ఒక పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించాను. వాటిలో ఏ ఆటా రెండు రోజులకు మించి నిలవలేదు. నాకు నచ్చిన ఆటలను ఏరుకున్నానే తప్ప, ఫోనులో వాడికి ఏది నచ్చుతున్నదో నేను చూడనే లేదని చాలా ఆలస్యంగా అర్థమైంది.

అందువల్ల ఈ పనిని ఆటల జాబితాతో కాకుండా ఒక నోటుపుస్తకంతో మొదలుపెట్టమని చెబుతాను. వారం రోజులపాటు ఇంట్లో ఏమీ మార్చకుండా, పిల్లవాడు ఫోను ఎప్పుడు తీసుకున్నాడు, అందులో ఏమి చూశాడు, ఆ సమయంలో పక్కన ఎవరున్నారు అనే మూడు సంగతులను రోజూ రాయండి. వీటికంటే ముఖ్యమైనది నాలుగోది: ఫోను ఇచ్చేయమని అడిగినప్పుడు వాడి నోటి నుంచి మొదట వచ్చిన మాటను ఉన్నదున్నట్టుగా రాయాలి. ‘ఇంకొక్క లెవెల్ అమ్మా’ అనే పిల్లవాడికీ, ‘ఇంకా కట్టడం అయిపోలేదు’ అనే పిల్లవాడికీ, ‘తర్వాత ఏమవుతుందో చూడాలి’ అనే పిల్లకూ ఒకే ఆట సరిపోదు. ఫోను వాళ్లలో ఒకరికి గెలుపును, ఒకరికి చేతిపనిని, మరొకరికి కథను ఇస్తోంది. దానిని తీసుకోవాలంటే, అది ఇస్తున్నదాన్ని మరో చోట చూపించాలి.

ఇక్కడ ఒక కొలత గుర్తుపెట్టుకోవడం మంచిది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 5 నుంచి 10 ఏళ్ల పిల్లలు తెర ముందు గడిపే సమయం రోజుకు రెండు గంటల లోపే ఉండాలి. 5 నుంచి 17 ఏళ్లవారికి సగటున రోజుకు 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే ఆటపాటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే ఫోనును ఇంటి నుంచి వెళ్లగొట్టనక్కరలేదు. మధ్యాహ్నం నాలుగు గంటలనూ అది ఒక్కటే తినేయకుండా చూస్తే చాలు.

‘ఇంకొక్క లెవెల్’ అనే పిల్లలకు

వీళ్లకు కావలసింది పోటీ, గెలుపు, ఓడితే వెంటనే మళ్లీ ఆడే అవకాశం. మన అదృష్టం ఏమిటంటే, కడప ఇళ్లలో వీటికి బోర్డు కొనవలసిన పని లేదు. వరండాలో పరిచిన నల్లని కడప బండే బోర్డు. దాని మీద సుద్దముక్కతో గీసిన గీత పలక మీద గీసినంత స్పష్టంగా కనిపిస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

మొదట పులి–మేక ఆటను గీయండి. పైన ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి నాలుగు గీతలను విచ్చుకుంటున్నట్టుగా కిందికి దించి, వాటి అడుగు కొనలను ఒక అడ్డగీతతో కలపండి. ఇప్పుడు నడుమ భాగంలో ఆ నాలుగు గీతలనూ దాటి రెండు వైపులా బయటికి వచ్చేటట్టు మూడు అడ్డగీతలు గీసి, వాటి చివరలను రెండు పక్కలా నిలువు గీతలతో మూసేయండి. పై చుక్క ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున పద్దెనిమిది, అడుగున నాలుగు, మొత్తం 23 స్థానాలు వస్తాయి. ఒకరికి మూడు పులులు, మరొకరికి పదిహేను మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు సరిపోతాయి. మేకలు ఒక్కొక్కటిగా బోర్డు మీదికి వస్తాయి, పదిహేనూ వచ్చేంతవరకు వాటిని జరపకూడదు. పులి పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీ స్థానంలోకి దూకి ఆ మేకను తినేస్తుంది. మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. మొదటి రెండు మూడు రోజులు పిల్లవాడికే పులులను ఇవ్వండి; తినడంలోని ఉత్సాహం ఆటలో నిలబెడుతుంది. ఆ తర్వాత మేకలను ఇచ్చి చూడండి. బలహీనమైనవి గుంపుగా కదిలితే పులి దారి మూసుకుపోతుందనే ఎత్తు వాడికి తనంతట తాను తట్టిన రోజున, మా ఇంట్లో మధ్యాహ్నం మూడు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. మరునాడు నేను వరుసగా నాలుగుసార్లు ఓడిపోయాను, కావాలని కాదు.

అష్టాచెమ్మాకు ఐదు వరుసల్లో ఐదేసి గళ్లు గీసి, నాలుగు గవ్వలు తెచ్చుకుంటే చాలు. గవ్వలు లేకపోతే చింతగింజలను గరుకు బండ మీద ఒకవైపు తెల్లగా అయ్యేంతవరకు అరగదీయమని పిల్లలకే అప్పగించండి. ఆట కంటే ముందు ఆ పనే ఒక గంట నడుస్తుంది. నాలుగూ తెల్లవైపు పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ నల్లవైపు పడితే అష్ట, ఎనిమిది. ఈ రెండింటికీ మరో పందెం దొరుకుతుంది. రెండు వరుసల్లో ఏడేసి గుంటలతో ఆడే వామనగుంటలకు చెక్కపీట లేకపోయినా, పద్నాలుగు వృత్తాలు గీసి ఒక్కొక్కదానిలో ఐదేసి గింజలు పోస్తే సరిపోతుంది. లెక్కలంటే భయపడే పిల్లలకు ఈ ఆట ఎంత మేలు చేస్తుందో నేను ఇక్కడ చెప్పను, ఎందుకంటే ఆ మాట విన్న మరుక్షణం వాళ్లు ఆట మానేస్తారు.

ఒంటరిగా ఆడవలసిన పిల్లలకు అచ్చనగండ్లను మించినది నాకు కనిపించలేదు. ఐదు రాళ్లతో ముందు ఒకట్లు, తర్వాత రెండ్లు, మూళ్లు, నాలుగులు ఎత్తే ఈ ఆటలో ‘లెవెల్స్’ దానంతటవే ఉన్నాయి. ఆడపిల్లల ఆట అని మా వాడు మొదట ముఖం తిప్పుకున్నాడు. మా అత్తగారు, అంటే వాడి జేజి, మోకాళ్ల నొప్పులతో మంచం మీద కూర్చునే ఐదు రాళ్లనూ ఒకేసారి గాలిలోకి ఎగరేసి ముంజేతి మీద నిలిపి చూపించిన తర్వాత ఆ అభ్యంతరం మళ్లీ వినిపించలేదు.

‘ఇంకా కట్టడం అయిపోలేదు’ అనే పిల్లలకు

తెర మీద ఇళ్లు, కోటలు, పొలాలు కట్టుకునే ఆటలు ఆడే పిల్లలు వీళ్లు. వీళ్లకు సామాను ఇవ్వడం తేలికే. అట్టపెట్టెలు, అగ్గిపెట్టెలు, పురికొస, కొబ్బరి చిప్పలు, పాత సైకిల్ టైరు, వేరుశనగ పొట్టు, గోధుమపిండి ఉడికించి చేసిన జిగురు ఒక గంపలో పెట్టి ఉంచితే చాలు. కష్టం మరో చోట ఉంది. ఫోనులో సగం కట్టిన కోట మరునాడు తెరిచినా అలాగే ఉంటుంది. ఇంట్లో సగం కట్టిన కోటను సాయంత్రం ఊడ్చేటప్పుడు చెత్తతో పాటు ఎత్తేస్తాం. రెండుసార్లు ఇలా జరిగితే పిల్లవాడు చేతిపని మానేసి, తన కోటను ఎవరూ చెరపని చోటికే, అంటే ఫోనులోకే, తిరిగి వెళ్తాడు. కాబట్టి మంచం కిందనో, వరండా మూలనో, మేడమెట్ల కిందనో రెండు బండల వెడల్పు చోటును సుద్దతో గీసి, అక్కడ చీపురు పడదని ఇంట్లో అందరితో ఒప్పించండి. ఆట సామాను కంటే ఈ చోటే ముఖ్యమని నా అనుభవం. మా ఇంట్లో ఆ చోటికి పనిమనిషి ‘సారు ఫ్యాక్టరీ’ అని పేరు పెట్టింది.

కాలాన్ని బట్టి దొరికే సామానునూ వాడుకోండి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు జొన్న కోతలయ్యాక ఎండిన దంటు తెప్పించుకుంటే, పైతొక్క ఒలిచినప్పుడు లోపలి నుంచి తెల్లని మెత్తని బెండు వస్తుంది. ఆ బెండును ముక్కలుగా కోసి, తొక్కను సన్నని పుల్లలుగా చీల్చి, పుల్లలతో ముక్కలను గుచ్చి కలుపుకుంటూ పోతే ఎద్దులబండి, మంచం, కళ్లద్దాలు, ఏదైనా తయారవుతుంది, జిగురు అక్కరలేదు. తొక్క అంచు బ్లేడులా కోస్తుంది కనుక ఒలిచే పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి. వేసవిలో ముంజెలు తిన్న తర్వాత మిగిలే తాటికాయలను పారేయకుండా రెండింటి నడుమ పుల్ల గుచ్చితే చక్రాలు సిద్ధం, దానికి పంగలకర్ర తగిలిస్తే బండి.

‘ఇంకొకటి దొరుకుతుంది’ అనే పిల్లలకు

నాణేలు, బొమ్మలు, బహుమతి పెట్టెలు ఏరుకునే ఆటలకు అలవాటుపడిన పిల్లలను గుర్తించడం కష్టం కాదు. వాళ్ల జేబులో ఎప్పుడూ ఏదో ఒక రాయి, మూత, ఈక ఉంటుంది. కడప ప్రాంతం ఇలాంటి పిల్లల కోసమే ఉన్నదా అనిపిస్తుంది. ఇంటి ముందు పారేసిన నల్ల బండ ముక్క, ఏటిలోని గులకరాయి, మంగంపేట గనుల్లో దొరికే ముగ్గురాయి (బెరైటీస్), ఈ మూడూ పక్కపక్కన పెట్టి ఒకే పరిమాణంలో ఉన్నవాటిని చేతితో తూచమనండి. ముగ్గురాయి మామూలు రాయి కంటే ఎంతో బరువుగా ఉండటం చూసి వాళ్లు తప్పకుండా ఎందుకని అడుగుతారు. గుడ్ల అట్టలోని గుంటలు రాళ్ల పెట్టెగా బాగా పనికొస్తాయి. ఏ రాయి ఎక్కడ, ఏ తేదీన దొరికిందో చీటీ రాసి పెట్టడం కూడా ఆటలో భాగమే. ఒక్క జాగ్రత్త చెప్పాలి: పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు రాతినార (ఆస్బెస్టాస్) గనులు నడిచాయి, ఆ రాయి పీచులా విడిపోతుంది, దాని ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది; కాబట్టి పాత గనుల దగ్గర ఏరనివ్వకండి, పీచు తేలిన రాయిని ఇంటికి తేనివ్వకండి.

మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ రోజులు నిలిచిన ఆట మాత్రం అడుగుల వేట. దీని వెనుక మన జిల్లా కథే ఉంది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తర్వాత ఇక అంతరించిపోయిందనుకున్న కలివికోడి, 1986లో కడప జిల్లా చిట్టడవుల్లో మళ్లీ దొరికింది. అది రాత్రిపూట తిరిగే సిగ్గరి పక్షి. అందుకని పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి, దాని మీద పడే అడుగులను చూసి ఆ పక్షి ఎక్కడ తిరుగుతున్నదో పసిగట్టే పద్ధతిని వాడారు. ఈ కథ ముందు చెప్పండి, ఆ తర్వాత జల్లెడ ఇవ్వండి. పెరట్లోనో, మేడ మీదనో, ప్రహరీ పక్కనో మెత్తగా జల్లించిన మట్టిని మూరెడు వెడల్పున, రెండు మూరల పొడవున పరిచి, అట్టముక్కతో చదును చేసి, చీకటి పడ్డాక పక్కన గుప్పెడు నూకలు చల్లి వదిలేయాలి. పొద్దున్నే లేచి, ఎవరైనా తొక్కకముందే వెళ్లి చూడాలి. పిల్లి అడుగులో గోళ్లు కనిపించవు, కుక్క అడుగులో కనిపిస్తాయి. పిచ్చుక రెండు కాళ్లతో గెంతుతుంది కనుక అడుగులు జంటలుగా పడతాయి, కాకి ఎక్కువగా ఒక్కో అడుగు వేసుకుంటూ నడుస్తుంది. చూసినదాన్ని కాగితం మీద అసలు కొలతలో గీసి తేదీ వేస్తే, నెల తిరిగేసరికి ఒక పుస్తకం తయారవుతుంది. ఈ ఆటలో నాకు నచ్చిన గుణం ఏమిటంటే, పిల్లవాడు రాత్రి త్వరగా పడుకుంటాడు, పొద్దున్న లేపనక్కరలేదు.

‘తర్వాత ఏమవుతుందో చూడాలి’ అనే పిల్లలకు

వీడియో తర్వాత వీడియో దానంతటదే మొదలవుతుంది కనుక, ఆపడానికి తగిన చోటు పిల్లలకు దొరకదు. కథ చెప్పే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే అదే ఎత్తును మనమూ వాడుకోవచ్చు. కథను ముగించకండి, రాకుమారుడు బావి అంచు మీద నిలబడి ఉండగా ఆపేసి, మిగిలింది రేపు మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత అని చెప్పండి. పొడుపుకథలు వంటింటి పనుల నడుమ కూడా సాగుతాయి. ‘అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది’ అంటే ఏమిటని అడిగి, మజ్జిగ చిలుకుతూ కవ్వం కనిపించేటట్టు నిలబడితే చాలు.

కథ వినడంతో తృప్తి పడని పిల్లలతో తోలుబొమ్మలాట కట్టించండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ కళకు పేరుపడ్డ ఊరు; అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అసలు బొమ్మలను మేకతోలుతో వెలుతురు చొరబడేటంత పలుచగా చేసి రంగులు వేస్తారు. ఇంట్లో పాత పెళ్లిపత్రికల అట్టతో ఆకారం కత్తిరించి, రంగు కనిపించవలసిన చోట కిటికీలా కోసి, కొబ్బరినూనె రాసిన కాగితానికి రంగు వేసి అతికిస్తే ఆ మెరుపు కొంత వస్తుంది. కీళ్ల దగ్గర దారంతో కుట్టి, చీపురుపుల్లలు కట్టి, కిటికీలు మూసిన గదిలో తెల్ల పంచె కట్టి, వెనుక టార్చిలైటు పెట్టండి, నూనెదీపం వద్దు. బొమ్మ దీపానికి దగ్గరైతే నీడ పెద్దదవుతుందని, పంచెకు దగ్గరైతే చిన్నదై స్పష్టపడుతుందని పిల్లలే కనిపెడతారు, వెంటనే రాక్షసుడిని పెంచుతారు. తయారీకి మూడు నాలుగు మధ్యాహ్నాలు, సాధనకు రెండు, ప్రదర్శనకు ఒకటి, అంటే ఒక వారం ఒడ్డెక్కినట్టే. టిక్కెట్లు కూడా అమ్మారు, మా వారు రెండు రూపాయలు ఇచ్చి చూశారు.

‘ఏమీ తోచడం లేదు’ అనే పిల్లల మాటేమిటి?

వీళ్లకు ఫోను మీద ప్రత్యేకమైన ప్రేమ ఉండదు. పక్కన మనిషి ఉండడు, అంతే. ఇలాంటి పిల్లలకు వస్తువులు కొనిపెట్టడం దండగ. ఐదు దాటి ఎండ తగ్గగానే వీధిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకేసారి బయటికి వచ్చేటట్టు వాళ్ల అమ్మలతో మాట్లాడి ఒక సమయం కుదుర్చుకోవడమే దీనికి మందు. ఒకరు వస్తే మిగిలినవారు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఏడు పెంకులాట, తొక్కుడుబిళ్ల, నేల–బండ, నాలుగు స్తంభాలాట, ఏ ఆట ఆడాలో వాళ్లే తేల్చుకోనివ్వండి. సగం సాయంత్రం నియమాల మీద వాదనతో గడిచినా అది ఆటే. పగటి వెలుతురులో ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి మొదలయ్యే అవకాశం తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి కనుక, సెలవు రోజుల్లో పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు కూడా బయటికి పంపడం మంచిది. నీటి తొట్టి, సంపు మూతలు, వెనక్కి వచ్చే కార్లు, ఈ మూడింటిని మాత్రం ఆట మొదలయ్యే ముందు ఒక పెద్ద మనిషి చూసి రావాలి. ఆషాఢం గాలులకు గాలిపటం ఎగరేస్తామంటే మామూలు నూలుదారమే ఇవ్వండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. కరెంటు తీగలు లేని చోటు ముందే చూసుకోవాలి.

మొదటి పది రోజులు ఎలా నడపాలి?

ఒక్కసారిగా ఫోను తీసేయకండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఫోను ఎవరిదైనా సరే గూట్లో ఉంటుందని చెప్పి, ఆ మాట మీద మీరు కూడా నిలబడండి. మొదటి మూడు రోజులు మీరు పక్కన కూర్చుని ఆడాలి. పులి–మేక నియమాలు చెప్పేసి వంటింట్లోకి వెళ్లిపోతే ఆట పది నిమిషాలకే చచ్చిపోతుంది. నాలుగో రోజు నుంచి మొదలుపెట్టించి లేచి రండి. మధ్యలో ఒకరోజు తప్పకుండా మొండికేస్తాడు, ఏ ఆటా వద్దంటాడు, నేల మీద దొర్లుతాడు. అప్పుడు కొత్త ఆట చూపించాలనే ఆత్రాన్ని ఆపుకోవడం నాకు అన్నిటికంటే కష్టమైన పని. మా ఇంట్లో ఆ దొర్లడం ఇరవై నిమిషాల నుంచి అరగంట వరకు నడిచేది. ఆ తర్వాత వాడే సుద్దముక్క కోసం లేచేవాడు.

ఒకేసారి రెండు ఆటలకు మించి బయట పెట్టకండి. మిగిలిన సామానును అటక మీద ఉంచి, మూడు వారాలకొకసారి మార్చండి. అటక మీది నుంచి దిగిన పాత ఆట కొత్తదానిలాగే ఉంటుంది. చింతగింజలు, గవ్వలు చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు నోట్లో పెట్టుకోకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయండి.

ఇక చుట్టాలు వచ్చినప్పుడు ఈ ఏర్పాటు తప్పకుండా దెబ్బతింటుంది. మేనమామ వచ్చీ రాగానే తన ఫోను పిల్లవాడి చేతిలో పెట్టి ముద్దు చేస్తాడు, కాదనడానికి మనకు మొహమాటం. ఆయన చెప్పులు విడిచేలోపే పిల్లవాడి చేత బండ మీద పులి–మేక గీయించి, ‘మామయ్యా, నువ్వు పులివా, మేకవా’ అని అడగమని మా వాడికి నేర్పాను. ఇప్పటివరకు మేకలను అడిగిన మేనమామ ఒక్కరూ లేరు.